ఇంటి ఈతకొలను

ఇంటి ఈతకొలను అనగా నివాస గృహపు ఆవరణలో నేలను తవ్వి, నీటి అంచు ఇంచుమించు నేలమట్టానికి వచ్చేలా నిర్మించే కొలను. వాడుకలో దీనిని స్విమ్మింగ్ పూల్ అంటారు. నేలపైన నిలబెట్టి, అవసరం తీరాక విప్పి దాచుకోగల కొలనులు వేరు. నేలలోపలి కొలను మాత్రం ఇంటి కట్టడంలో శాశ్వత భాగం. నిర్మాణ పద్ధతిని బట్టి వీటిలో ప్రధానంగా మూడు రకాలున్నాయి: కాంక్రీటు కొలను, వినైల్ పొర కొలను, ఫైబర్‌గ్లాస్ కొలను. మొక్కల సాయంతో నీటిని శుభ్రపరిచే సహజ కొలను నాలుగో రకం. ఏ రకం సరిపోతుందన్నది యజమాని అభిరుచి కంటే నేల స్వభావం, భూగర్భ జలమట్టం, నీటి లభ్యత, నిర్వహణ ఖర్చు, ఇంట్లోని పిల్లల భద్రత అనే అంశాలపై ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఒకసారి కట్టిన కొలనును మరో చోటికి మార్చడం సాధ్యం కాదు. పూడ్చివేయడం కూడా ఖర్చుతో కూడిన పని. అందువల్ల ఎంపిక తవ్వకానికి ముందే పూర్తి కావాలి.

చరిత్ర

నీరు ఇంకిపోకుండా కట్టిన కొలనులలో చాలా పురాతనమైనది సింధు నాగరికతకు చెందిన మొహెంజొదారోలోని మహా స్నానవాటిక. సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతు గల ఈ కొలనును ఇటుకలతో కట్టి, గోడల వెనుక తారు వంటి సహజ పదార్థాన్ని పూశారు. దిగడానికి ఉత్తర, దక్షిణ దిక్కులలో మెట్లున్నాయి. ఇది నివాస గృహానికి చెందినది కాదు. అయినా నీరు కారకుండా ఆపడం అనే సమస్యను ఆనాటివారు పరిష్కరించిన తీరు నేటి నిర్మాణానికి దగ్గరగా ఉంటుంది. విజయనగర రాజధాని హంపిలో రాణివాసపు స్నానఘట్టంగా పిలిచే కట్టడం నడుమ కూడా ఇటువంటి కొలను ఉంది.

ఇళ్లలో ఈతకొలనుల నిర్మాణం 20వ శతాబ్దంలో అమెరికాలో విస్తరించింది. దీనికి ఒక యంత్రం తోడ్పడింది. చికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో జంతు కళేబరాలకు రూపం పోసే నిపుణుడిగా పనిచేసిన కార్ల్ ఏక్లీ, ఆ భవనపు గోడలకు పూత వేయడం కోసం 1907 ప్రాంతంలో సిమెంటును గాలి ఒత్తిడితో చిమ్మే యంత్రాన్ని రూపొందించాడు. 1911లో దానికి పేటెంటు లభించింది. ఈ పద్ధతిలో చిమ్మే మిశ్రమానికి గునైట్ అనే పేరు స్థిరపడింది. అంతకుముందు కొలను గోడలను చెక్క సెంట్రింగ్ నడుమ పోతపోసేవారు. అందువల్ల అవి తిన్నగానే ఉండేవి. మట్టి గుంతలో ఇనుప కడ్డీలు అల్లి, వాటిపై నేరుగా సిమెంటును చిమ్మడం మొదలయ్యాక వంపు తిరిగిన ఆకారాలు సులభమయ్యాయి. ఫిన్లాండు వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో 1939లో పూర్తిచేసిన విల్లా మైరియా ఇంటి కొలను, కాలిఫోర్నియాలో థామస్ చర్చ్ 1948లో రూపొందించిన డానెల్ తోటలోని మూత్రపిండం ఆకారపు కొలను ఈ వంపు ఆకారాలకు ప్రసిద్ధ ఉదాహరణలు.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ప్లాస్టిక్ పరిశ్రమ పెరగడంతో వినైల్ పొర కొలనులు, ఫైబర్‌గ్లాస్ కొలనులు వాడుకలోకి వచ్చి మధ్యతరగతి కుటుంబాలకూ ఈ సౌకర్యం అందింది. 1976-77లో కాలిఫోర్నియాలో తీవ్రమైన కరువు వచ్చినప్పుడు అనేక ఇళ్లలో కొలనులను ఖాళీగా వదిలేశారు. ఆ ఎండిన కొలనుల వంపు గోడలపైనే యువకులు స్కేట్‌బోర్డు విన్యాసాలు సాధన చేశారు.

పనిచేసే విధానం

రకం ఏదైనా కొలనులో నీరు నిలకడగా ఉండదు, నిరంతరం తిరుగుతూ ఉంటుంది. నీటి ఉపరితలంపై తేలే ఆకులు, దుమ్ము, నూనె జిడ్డు స్కిమ్మర్ అనే పక్కగూడు ద్వారా లోపలికి వెళ్తాయి. అడుగున ఉండే తూము ద్వారా కొంత నీరు వెళ్తుంది. పంపు ఈ నీటిని లాగి ఫిల్టరు గుండా నెడుతుంది. ఫిల్టరులో ఇసుక గాని, మడతల కాగితం వంటి కార్ట్రిడ్జ్ గాని ఉంటుంది. శుభ్రపడిన నీటిలో క్రిమిసంహారక మందు కలిసి, గోడలలోని రంధ్రాల ద్వారా తిరిగి కొలనులోకి చేరుతుంది.

ఉదాహరణకు 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు గల కొలనులో 44.8 ఘనపు మీటర్లు, అనగా 44,800 లీటర్ల నీరు పడుతుంది. ఈ నీరంతా 8 గంటల్లో ఒకసారి ఫిల్టరు గుండా పోవాలంటే గంటకు 5,600 లీటర్లు తోడగల పంపు కావాలి. పంపును, ఫిల్టరును ఒకదానికొకటి సరిపోయేలా ఎంచుకోవాలి. చిన్న ఫిల్టరుకు పెద్ద పంపు తగిలిస్తే నీరు ఇసుకను చీల్చుకుని మురికితో సహా బయటికి వస్తుంది.

నిర్మాణాన్ని బట్టి రకాలు

కాంక్రీటు కొలను

గుంత తవ్వి, ఇనుప కడ్డీలు కట్టి, కాంక్రీటును చిమ్మి గాని పోతపోసి గాని నిర్మించే కొలను ఇది. చిమ్మే పద్ధతి రెండు విధాలు. పొడి సిమెంటు, ఇసుక గొట్టంలో ప్రయాణించి చివరన నీటితో కలిస్తే గునైట్ అని, ముందే నీరు కలిపిన మిశ్రమాన్ని చిమ్మితే షాట్‌క్రీట్ అని పిలుస్తారు. భారతదేశంలో ఇళ్ల కొలనులను ఎక్కువగా సెంట్రింగ్ పెట్టి పోతపోసే ఆర్.సి.సి. పద్ధతిలోనే కట్టి, లోపల నీరు కారని పూత వేసి, టైల్స్ అంటిస్తారు. ద్రవాలను నిల్వచేసే కాంక్రీటు కట్టడాలకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 3370 అనే ప్రమాణాన్ని నిర్దేశించింది. మామూలు శ్లాబుకు పనికివచ్చే పోత, నీటి తొట్టికి పనికిరాదని దీని సారాంశం. తొట్టిలో పగుళ్ల వెడల్పును మరింత కట్టుదిట్టంగా అదుపుచేయాలి.

ఏ ఆకారమైనా, ఏ లోతైనా సాధ్యపడటం ఈ రకపు ప్రధాన ప్రయోజనం. అంచు మీదుగా నీరు పొర్లుతున్నట్లు కనిపించే కొలనులనూ, కూర్చోవడానికి గట్లు, మెట్లు గల కొలనులనూ ఇందులోనే కోరినట్లు కట్టవచ్చు. సరిగా కడితే దశాబ్దాల పాటు నిలుస్తుంది. నిర్మాణానికి నెలలు పట్టడం, ప్రారంభ ఖర్చు అధికం కావడం ఇందులోని ఇబ్బందులు. కాంక్రీటును తగినన్ని రోజులు తడపకపోతే సన్నని పగుళ్లు వస్తాయి. సిమెంటు ప్లాస్టరు మాత్రమే వేసిన కొలనులో గరుకు ఉపరితలానికి నాచు తేలికగా పడుతుంది. ఆ పూతను సుమారు 10 నుండి 15 సంవత్సరాలకు ఒకసారి మళ్లీ వేయాలి. టైల్స్ వేసిన కొలనులో ఆ బెడద తక్కువే గాని సందుల్లోని గ్రౌట్ అరిగినప్పుడు మరమ్మతు అవసరమవుతుంది.

వినైల్ పొర కొలను

ఉక్కు, ప్లాస్టిక్ లేదా కాంక్రీటు పలకలతో గోడలు నిలిపి, అడుగున ఇసుక లేదా సిమెంటు మిశ్రమంతో నునుపుగా పరుపు వేసి, దానిపై ఒకే ముక్కగా అతికిన వినైల్ పొరను పరుస్తారు. పొర మందం సాధారణంగా అర మిల్లీమీటరు నుండి ముప్పావు మిల్లీమీటరు వరకు ఉంటుంది. నీటిని ఆపేది ఈ పొరే. గోడలు దానికి ఆధారం మాత్రమే.

మూడింటిలో దీని ప్రారంభ ఖర్చు సాధారణంగా తక్కువ. ఉపరితలం నునుపుగా ఉండటం వల్ల నాచు తక్కువగా పడుతుంది, పాదాలు గీసుకుపోవు. అయితే పదునైన వస్తువులు, పెంపుడు కుక్కల గోళ్లు పొరను చింపవచ్చు. ఎండ, క్లోరిన్ ప్రభావంతో అది క్రమంగా పెళుసుబారుతుంది. సుమారు 7 నుండి 12 సంవత్సరాలకు ఒకసారి నీరంతా తోడేసి పొరను మార్చవలసి వస్తుంది. కాబట్టి తొలి ఖర్చుతో పాటు 20 సంవత్సరాలలో ఒకటి రెండుసార్లు మార్చే ఖర్చును, అప్పుడు మళ్లీ నింపవలసిన నీటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఫైబర్‌గ్లాస్ కొలను

కర్మాగారంలో అచ్చుపై తయారైన ఒకే ముక్క తొట్టిని తెచ్చి, తవ్విన గుంతలో దించే పద్ధతి ఇది. గాజు నారను రెసిన్‌తో పొరలుగా అతికి, నీటికి తగిలే వైపు జెల్‌కోట్ అనే నునుపైన పూత వేస్తారు. గుంత సిద్ధమైతే తొట్టిని దించడం ఒక్క రోజు పని. చుట్టూ అరుగు వేయడంతో సహా కొద్ది వారాల్లో కొలను పూర్తవుతుంది. ఉపరితలంలో రంధ్రాలు లేకపోవడం వల్ల నాచు, రసాయనాల ఖర్చు తక్కువ. నేల కొద్దిగా కదిలినా తొట్టి కొంతవరకు వంగి తట్టుకుంటుంది.

ఆకారాన్ని, కొలతలను తయారీదారు అచ్చుల నుండే ఎంచుకోవాలి. రోడ్డుపై లారీలో తీసుకురావలసినందున వెడల్పు సుమారు 5 మీటర్లకు మించదు. ఇరుకు సందులోని ఇంటికి తొట్టిని చేర్చడానికి క్రేన్ కావలసి రావచ్చు. కొలను లోపల నీరు నింపుతూ, అదే వేగంతో బయటి వైపు కంకర లేదా ఇసుకతో గుంతను పూడ్చుతూ రావడం ఈ పనిలో కీలకం. రెండు వైపులా ఒత్తిడి సమానంగా లేకపోతే గోడలు ఉబ్బుతాయి. నాసిరకం రెసిన్ వాడిన తొట్టిలో కొన్నేళ్లకు జెల్‌కోట్ కింద నీటి బొబ్బలు లేస్తాయి.

సహజ కొలను

1980లలో ఆస్ట్రియాలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిలో కొలనును రెండు భాగాలు చేస్తారు. ఒక భాగం ఈతకు, మరొకటి కంకరలో నాటిన నీటి మొక్కలకు. నీరు కంకర గుండా నెమ్మదిగా పారుతున్నప్పుడు అక్కడి సూక్ష్మజీవులు, మొక్కల వేర్లు నాచుకు ఆహారమయ్యే పోషకాలను గ్రహిస్తాయి. క్లోరిన్ అవసరం ఉండదు. మొక్కల భాగానికి కొలను విస్తీర్ణంలో దాదాపు సగం కేటాయించవలసి రావడం వల్ల స్థలం ఎక్కువ కావాలి.

చల్లని దేశాలలో పుట్టిన ఈ పద్ధతిని ఉష్ణ ప్రాంతాలలో జాగ్రత్తగా పరిశీలించాలి. క్రిమిసంహారకం లేని వెచ్చని మంచినీటిలో నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా పెరగగలదు. ముక్కు ద్వారా మెదడుకు చేరితే అది కలిగించే వ్యాధి దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకం. 2024లో కేరళలో ఈ రకపు మెదడువాపుతో పిల్లలు మరణించిన తరువాత, నిలవ నీటిలో స్నానం చేయవద్దనీ, ఈతకొలనులలో క్లోరిన్ తప్పక కలపాలనీ అక్కడి ప్రభుత్వం సూచనలు జారీచేసింది.

ఎంపికలో పరిశీలించవలసిన అంశాలు

నేల, భూగర్భ జలమట్టం

కొలనుకు ప్రధాన శత్రువు లోపలి నీటి కంటే బయటి నీరే. నేలలోని నీటిమట్టం కొలను అడుగుకు పైన ఉంటే, ఆ నీరు కొలనును పడవలాగా పైకి నెడుతుంది. కొలను నిండుగా ఉన్నంతకాలం లోపలి నీటి బరువు దానిని అణచి ఉంచుతుంది. శుభ్రపరచడానికో, మరమ్మతుకో ఖాళీ చేసినప్పుడే ప్రమాదం.

పైన చెప్పిన 8 × 4 మీటర్ల కొలనునే తీసుకుంటే, 20 సెంటీమీటర్ల మందంతో గోడలు, అడుగు పోసినప్పుడు కాంక్రీటు బరువు సుమారు 36 టన్నులు. వానాకాలంలో నీటిమట్టం నేల అంచు వరకు వస్తే, ఆ కట్టడం తొలగించే నీటి పరిమాణం సుమారు 59 ఘనపు మీటర్లు. కాబట్టి పైకి నెట్టే బలం సుమారు 59 టన్నులు. అంటే బరువైన కాంక్రీటు కొలను సైతం ఖాళీగా ఉంటే తేలి, పగిలిపోగలదు. తేలికైన ఫైబర్‌గ్లాస్ తొట్టి ఇంకా త్వరగా లేస్తుంది. వినైల్ కొలనులో బయటి నీరు పొర వెనుక చేరి దానిని బుడగలా ఉబ్బిస్తుంది.

దీని నివారణకు కొలను కింద కంకర పరిచి గొట్టాల ద్వారా నీటిని పక్కనున్న గుంతకు మళ్లించి తోడేస్తారు. కాంక్రీటు కొలను అడుగున బయటి ఒత్తిడి పెరిగితే తెరుచుకునే కవాటాన్ని అమరుస్తారు. వర్షాకాలంలో కొలనును ఖాళీ చేయకపోవడం అన్నిటికంటే సులభమైన జాగ్రత్త. కొలను స్థలంలో కనీసం కొలను లోతును మించి పరీక్ష గుంత తవ్వి, వీలైతే వానాకాలంలో నీటిమట్టాన్ని చూసిన తరువాతే రకాన్ని నిర్ణయించడం మంచిది.

స్థలం

కొలను ఇంటి పునాదికి మరీ దగ్గరగా ఉంటే తవ్వకం వల్ల పునాది కింది మట్టి జారవచ్చు. పెద్ద చెట్ల వేర్లు గోడలను, గొట్టాలను దెబ్బతీస్తాయి. రాలిన ఆకులు ఫిల్టరుకు భారమవుతాయి. సెప్టిక్ ట్యాంకుకు, ఇంకుడు గుంతకు కొలను దూరంగా ఉండాలి. వంటగది లేదా పెద్దలు ఎక్కువసేపు గడిపే గది నుండి కొలను కనిపించేలా స్థలాన్ని ఎంచుకుంటే పర్యవేక్షణ సులభమవుతుంది.

వాడుక, లోతు

ఇంట్లో కొలనును ఎవరు, ఎందుకు వాడతారన్నది ముందుగా తేల్చుకోవాలి. వ్యాయామంగా ఈదేవారికి వెడల్పు కంటే పొడవు ముఖ్యం. వృద్ధులకు నిచ్చెన కంటే వెడల్పాటి మెట్లు, పట్టుకునే కడ్డీ మేలు. కుటుంబ వినోదానికి 1 నుండి 1.5 మీటర్ల లోతు చాలు. లోతు పెంచిన కొద్దీ తవ్వకం, నీరు, రసాయనాలు అన్నీ పెరుగుతాయి. తల ముందుకు పెట్టి దూకడానికి కనీసం 9 అడుగుల లోతు ఉండాలని అమెరికా రెడ్ క్రాస్ సూచిస్తుంది. సాధారణ ఇంటి కొలనులో ఇంత లోతు ఉండదు గనుక అందులో తలకిందులుగా దూకితే మెడ ఎముక విరిగి జీవితాంతం పక్షవాతం రాగలదు.

నీటి లభ్యత

44,800 లీటర్ల కొలనును ఒకసారి నింపడానికి 5,000 లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది కావాలి. నింపిన తరువాత కూడా నీరు తరుగుతూనే ఉంటుంది. వేసవిలో రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైతే 32 చదరపు మీటర్ల ఉపరితలం నుండి రోజుకు 192 లీటర్లు, నెలకు సుమారు 5,760 లీటర్లు పోతాయి. ఫిల్టరును వెనుకకు కడిగినప్పుడు మరికొంత ఖర్చవుతుంది. వాడని సమయంలో కొలనుపై కప్పు పరిస్తే, తిరిగి నింపవలసిన నీరు 30 నుండి 50 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ అంచనా.

నీటి కరువు వచ్చినప్పుడు ఆంక్షలు మొదట ఈతకొలనులపైనే పడతాయి. 2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరం మున్సిపల్ తాగునీటితో కొలనులు నింపడాన్ని నిషేధించింది. 2024 మార్చిలో బెంగళూరు జల మండలి ఈతకొలనులలో తాగునీటి వాడకాన్ని నిషేధించి, ఉల్లంఘించినవారికి 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది.

మొత్తం ఖర్చు

ధరను పోల్చేటప్పుడు తొలి ఖర్చును మాత్రమే చూడటం సాధారణంగా జరిగే పొరపాటు. తవ్వకం, మట్టి తరలింపు, పంపు గది, చుట్టూ అరుగు, కంచె, విద్యుత్ పనులు తరచు తొట్టి ధరలో కలిసి ఉండవు. కొలను పూర్తయ్యాక విద్యుత్తు, రసాయనాలు, శుభ్రపరిచే మనిషి జీతం, కాలానుగుణ మరమ్మతులు ఏటా తప్పవు. 20 సంవత్సరాల మొత్తం ఖర్చును లెక్కిస్తే మూడు రకాల మధ్య తేడా ప్రారంభంలో కనిపించినంత ఉండకపోవచ్చు.

భద్రత

అమెరికాలో 1 నుండి 4 సంవత్సరాల పిల్లల మరణాలకు నీటిలో మునగడం ప్రథమ కారణమని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రాలు పేర్కొంటున్నాయి. ఈ వయసు పిల్లల విషయంలో ఇంటి కొలనులే ప్రధాన ప్రమాద స్థలాలు. మునిగే పిల్లవాడు సాధారణంగా కేకలు వేయడు, నీళ్లు చిమ్మడు. నిశ్శబ్దంగా కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోతుంది. పెద్దలు పక్క గదిలోనే ఉన్నా తెలియకపోవచ్చు. అందువల్ల భద్రత ఏర్పాట్లను కొలను పూర్తయ్యాక చూసుకుందామని వాయిదా వేయకుండా నిర్మాణపు లెక్కలోనే చేర్చాలి.

* కంచె: నాలుగు వైపులా కనీసం 4 అడుగుల ఎత్తున, పిల్లలు ఎక్కడానికి వీలులేని కంచె ఉండాలి. ఇంటి గోడనే నాలుగో వైపుగా లెక్కిస్తే ఇంటి తలుపు తెరిచిన పిల్లవాడు నేరుగా నీటి దగ్గరకు చేరతాడు. గేటు దానంతట అదే మూసుకుని, గడియ పడేలా ఉండాలి.
* తూము: పంపు లాగే బలానికి జుట్టు, చేయి లేదా శరీరం తూముకు అతుక్కుపోగలదు. 2002లో అమెరికాలో ఏడేళ్ల వర్జీనియా గ్రేమ్ బేకర్ ఈ విధంగా మరణించింది. ఆమె పేరుతో 2007లో వచ్చిన చట్టం, ఆ దేశంలో అమ్మే తూము మూతలన్నీ ఇటువంటి ప్రమాదాన్ని నివారించే ప్రమాణానికి లోబడి ఉండాలని నిర్దేశించింది. ఒకే తూముకు బదులు దూరంగా రెండు తూములు పెట్టి కలిపితే, ఒకటి మూసుకుపోయినా రెండవది నీటిని లాగుతుంది.
* విద్యుత్తు: నీటి లోపలి దీపాలు 12 వోల్టుల తక్కువ విద్యుత్తుతో పనిచేసేవై ఉండాలి. పంపు తీగకు లీకేజీని పసిగట్టి సరఫరాను నిలిపివేసే 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ పరికరం అమర్చాలి. కొలను చుట్టూ ఉన్న లోహపు భాగాలన్నిటినీ కలిపి ఎర్తింగ్ చేయాలి.
* పర్యవేక్షణ: పిల్లలు నీటిలో ఉన్నంతసేపు ఈత వచ్చిన ఒక పెద్దమనిషి చేయి చాచితే అందేంత దూరంలో ఉండాలి. ఆట ముగిశాక బొమ్మలను నీటిలో వదిలేస్తే వాటికోసం పిల్లలు మళ్లీ వస్తారు.

ఫ్రాన్సు 2003లో చేసిన చట్టం ప్రకారం అక్కడి నేలలోపలి ఇంటి కొలనులకు కంచె, అలారం, కప్పు, మూసివుండే గది అనే నాలుగింటిలో కనీసం ఒకటి తప్పనిసరి.

నీటి శుద్ధి

క్లోరిన్ సర్వసాధారణమైన క్రిమిసంహారిణి. నీటిలో విడిగా ఉండే క్లోరిన్ లీటరుకు 1 నుండి 3 మిల్లీగ్రాములు, పి.హెచ్. విలువ 7.2 నుండి 7.8 మధ్య ఉండేలా చూస్తారు. ఈ రెంటికీ సంబంధం ఉంది. పి.హెచ్. 7.5 వద్ద క్లోరిన్‌లో సుమారు సగం క్రిములను చంపే రూపంలో ఉంటుంది. పి.హెచ్. 8కి చేరితే అది నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి పి.హెచ్. చూడకుండా క్లోరిన్ మాత్రమే పెంచుతూ పోవడం వృథా. భారతదేశంలో ఈతకొలను నీటి నాణ్యతకు ఐ.ఎస్. 3328 ప్రమాణం ఉంది.

కొలను వద్ద ఘాటైన వాసన వస్తే నీరు శుభ్రంగా ఉందని చాలామంది భావిస్తారు. నిజానికి ఆ వాసన చెమట, మూత్రం వంటి వాటితో క్లోరిన్ కలిసి ఏర్పడిన క్లోరమిన్లది. కళ్లు మండటానికీ ఇవే కారణం. దిగే ముందు స్నానం చేయడం దీనికి తేలికైన నివారణ.

ఉప్పునీటి కొలనులో క్లోరిన్ ఉండదన్నది మరొక అపోహ. లీటరుకు 3 నుండి 4 గ్రాముల ఉప్పు కలిపిన నీటి నుండి విద్యుత్తు సాయంతో క్లోరిన్‌ను అక్కడికక్కడే తయారుచేయడమే ఈ పద్ధతి. ఆ నీరు కొన్ని రకాల రాళ్లను, లోహపు నిచ్చెనలను తినివేస్తుంది.

బ్లీచింగ్ పౌడరు వంటి క్లోరిన్ మందులనూ ఆమ్లాన్నీ ఎన్నడూ కలపరాదు, పక్కపక్కన నిల్వచేయరాదు. కలిస్తే విషవాయువు వెలువడుతుంది. తెలియక రసాయనాలు కలిపితే పెద్ద నిర్వాహకులకైనా ఇబ్బంది తప్పదు. 2016 రియో ఒలింపిక్స్‌లో 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పొరపాటున కలపడంతో క్లోరిన్ పనిచేయక, డైవింగ్ కొలను నీరు ఆకుపచ్చగా మారింది.

తెలుగు రాష్ట్రాల్లో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో నేలలు వివిధ రకాలు కావడం వల్ల ఒకే సలహా అన్ని చోట్లా వర్తించదు.

* హైదరాబాదు, పరిసరాలు: పలుచని మట్టి కింద గ్రానైటు రాయి ఉంటుంది. పునాదికి గట్టి ఆధారమే అయినా తవ్వకానికి రాతిని పగలగొట్టే యంత్రాలు కావాలి. లోతు తగ్గించి, కొంత భాగాన్ని నేలపైకి లేపి అరుగు కట్టడం ఖర్చును తగ్గించే మార్గం.
* నల్లరేగడి ప్రాంతాలు: ఈ నేల తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. కొలను చుట్టూ, కింద నల్లమట్టిని తీసివేసి మొరం నింపి గట్టిపరచాలి. కొలను నుండి చిన్న లీకు మొదలైనా చుట్టూ నేల ఉబ్బి పగుళ్లు పెరుగుతాయి.
* కృష్ణా, గోదావరి డెల్టాలు: భూగర్భ జలం పైకే ఉంటుంది. వానాకాలంలోనూ, కాలువలకు నీరు పారే రోజుల్లోనూ మరింత పెరుగుతుంది. ఇక్కడ కొలను తేలిపోకుండా చేసే ఏర్పాట్లు మొదటి అవసరం.
* సముద్రతీరం: ఇసుక నేలలో గుంత గోడలు కూలుతాయి. ఉప్పుగాలికి ఇనుప కడ్డీలు త్వరగా తుప్పు పడతాయి గనుక వాటిపై కాంక్రీటు మందం పెంచాలి.

బోరు నీరు అనేక చోట్ల కఠినజలం. అందులోని సున్నం టైల్స్ మీద తెల్లని పొరగా పేరుకుంటుంది. నింపే ముందు నీటిని పరీక్ష చేయించడం మంచిది. కొత్తగా బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి పొందాలి. వేసవిలో చుట్టుపక్కల ఇళ్లకు తాగునీరే కరువైన వీధిలో కొలను నింపడం ఇరుగుపొరుగుతో తగవులకు కూడా దారితీస్తుంది.

ఎంపిక సారాంశం

* కోరిన ఆకారం, లోతు కావాలి, ఖర్చుకు, కాలానికి వెనుకాడరు అనుకుంటే కాంక్రీటు కొలను అనువైనది. స్థానికంగా మేస్త్రీలు, సామగ్రి దొరకడం దీనికి కలిసివచ్చే అంశం.
* త్వరగా పూర్తికావాలి, నిర్వహణ తక్కువ ఉండాలి, తొట్టిని తెచ్చే దారి ఉంది, నేలలో నీటిమట్టం అదుపులో ఉంది అంటే ఫైబర్‌గ్లాస్ తగినది.
* ప్రారంభ ఖర్చు తక్కువ కావాలి, పొరను మార్చే నిపుణులు అందుబాటులో ఉన్నారు అంటే వినైల్ పొర కొలనును పరిశీలించవచ్చు.
* స్థలం ఎక్కువగా ఉండి, నీటి నాణ్యతను తరచు పరీక్షించగల వారికే సహజ కొలను.
* కంచెకు స్థలం లేని ఇంట, వేసవిలో నీరు దొరకని ఊళ్లో, పిల్లలను కనిపెట్టి ఉండే పెద్దలు లేని చోట ఏ రకమూ సరైన ఎంపిక కాదు. అటువంటివారికి సమీపంలోని ప్రజా ఈతకొలనులో, శిక్షకుడి పర్యవేక్షణలో ఈత నేర్చుకోవడమే మేలు.

ఇవి కూడా చూడండి

* ఈత
* కోనేరు
* దిగుడు బావి
* నల్లరేగడి నేల
* భూగర్భ జలం
* క్లోరిన్